తొలగించిన చరణం

సిసిల్ ఫ్రాన్సిస్ అలెగ్జాండర్ 1848లో ప్రకటించిన పిల్లల కీర్తనల సంపుటిలో 'ఆల్ థింగ్స్ బ్రైట్ అండ్ బ్యూటిఫుల్' అన్న గీతం వుంది. పూలూ పక్షులూ, కొండలూ నదులూ దేవుని సృష్టి అని బోధించే పాట అది. మధ్యలో ఒక చరణంలో హఠాత్తుగా మనుషులు ప్రవేశిస్తారు. కోటలో ధనికుడు, గుమ్మంలో దరిద్రుడు. వారి హెచ్చుతగ్గులు కూడా దైవనిర్ణయమే అంటుంది కవయిత్రి. 1906లో 'ఇంగ్లీష్ హిమ్నల్' సంపాదకులు యీ చరణాన్ని తీసివేశారు. దానితో పాట బాగుపడిందా? లేదనే నా అభిప్రాయం.

ఆమె 1818లో డబ్లిన్‌లో పుట్టింది. తండ్రి పెద్ద ప్రభువుల భూములు చూసే ఏజెంటు. 1850లో ఆమె పెళ్ళాడిన మతాచార్యుడు తరువాత ఆర్చిబిషప్ అయ్యాడు. కాబట్టి కోటను ఆమె దగ్గరగానే చూసింది. గుమ్మాన్నీ చూసింది. రోగుల గుడిసెలకు వెళ్ళి సేవ చేసింది. యీ పుస్తకం మీద వచ్చిన డబ్బును స్ట్రబేన్‌లోని బధిర పిల్లల పాఠశాలకు యిచ్చింది. ఆమెను కపటి అనడం అన్యాయం.

అయితే ఆ పుస్తకం వచ్చిన కాలమేది? 1845లో తెగులు సోకి ఐర్లండులో బంగాళాదుంప పంట నాశనమయింది. ఆ కరువులో సుమారు 10 లక్షల మంది చచ్చిపోయారు. దాదాపు అంతమందీ దేశం విడిచారు. ఆ రోజుల్లోనే ధాన్యం ఓడలకెక్కి బయటికి పోయింది. 1847 నాటి చట్టం ప్రకారం, పావు ఎకరానికి మించి సాగుచేసే రైతు ఆ భూమిని వదులుకుంటేనే ప్రభుత్వ సహాయం. ఆకలి తీరాలంటే నేల వదలాలి! అలా వదిలినవాడే గుమ్మంలో నిలబడ్డాడు.

కొండను పార్లమెంటు చేయలేదు. ఆ గుమ్మంలోని దారిద్ర్యాన్ని మాత్రం చేసింది. యీ పాట రెంటినీ ఒకే జాబితాలో చేరుస్తుంది. చరిత్రను ప్రకృతిగా చూపడమంటే యిదే. మనవాళ్ళు 'తలరాత', 'పూర్వజన్మ కర్మ' అన్నప్పుడు జరిగేదీ అదే.

చరణం తీసివేసినా యీ చూపు మిగిలేవుంది. మరొక చోట పిల్లలు ఆడుకునే పచ్చికబయలూ, రోజూ నీటిగట్టున రెల్లు కోయడమూ పక్కపక్కనే వస్తాయి. రెల్లు పేదయింటికి అవసరమైన సరుకు. దాన్ని కోయడం శ్రమ. పాటలో ఆ శ్రమ ఆటలో కలిసిపోయింది.

భూస్వామి ఏజెంటు కూతురు మరెలా రాస్తుందని కొందరు మిత్రులు అనవచ్చు. విమర్శ అంత తేలిక కాదు. ఆ చరణాన్ని తీసివేసిన సంపాదకవర్గంలో ముఖ్యుడు పెర్సీ డియర్మర్ కూడా మతాచార్యుడే, పైగా సోషలిస్టు. ఒకే విశ్వాసం ఆమె చేత ఆ చరణం రాయించింది, అతని చేత కొట్టివేయించింది. పుట్టుకా మతమూ చెబితే సగమే చెప్పినట్టు. మిగతా సగం, గుడిసెకు మందు తీసుకువెళ్ళిన ఆ దయ కోట గురించి ఒక్క ప్రశ్నయినా ఎందుకు వేయలేకపోయిందన్నది.

అందుకే ఆ చరణాన్ని దాచవద్దంటాను. దాన్ని తరగతిలో చదివించి, పక్కనే 1847 చట్టాన్ని కూడా చదివించాలి. ఆ హెచ్చుతగ్గులను నిర్ణయించినదెవరో విద్యార్థులే తేల్చుకుంటారు.