గట్టిమేళం చాటున

పెళ్లిలో తాళి కట్టే వేళ పురోహితుడు చెయ్యెత్తి 'గట్టిమేళం' అంటాడు. సన్నాయి పైస్థాయికెక్కుతుంది. డోలు మోగిపోతుంది. ఎందుకో మనకు తెలుసు. ఆ క్షణాన తుమ్మో, ఏడుపో, అశుభపు మాటో ఎవరి చెవినా పడకూడదని. వినడానికి కాదు, ఇంకొకటి వినబడకుండా ఉండడానికి వాయించే సంగీతమది.

ముస్లిం నాదస్వర కళాకారుల మీద మన పత్రికలు రాసేదంతా ఇలాంటి గట్టిమేళమేనని నా ఆరోపణ. 'మతసామరస్యానికి ప్రతీక' అనే శీర్షిక సిద్ధంగా ఉంటుంది. కింద ఒక ఫోటో. ఇరవయ్యేళ్లుగా పత్రికల్లో ఉన్నాను, నేనూ అలాంటివి రాశాను. వాటిలో రాగం పేరుండదు. కూలి లెక్క ఉండదు.

షేక్ చినమౌలానా సాహెబ్‌నే తీసుకోండి. 1924లో ఒంగోలు దగ్గరి కరవదిలో, సన్నాయి వాయించే కుటుంబంలో పుట్టారు. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. తర్వాత తంజావూరు బాణీ కోసం తమిళనాడు వెళ్లి, నాచ్చియార్‌కోవిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడయ్యారు. శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి పొంది, 1999లో కన్నుమూశారు. ఆయన గొప్పతనం ముస్లిం అయివుండి రంగనాథుణ్ణి కొలవడమేనా? ఊరేగింపులో వీధంతా వినబడేందుకు ఉన్న వాద్యాన్ని ఆయన గాత్రమంత మెత్తన చేశారు. ఆలాపనను తొందర లేకుండా, మెట్టుమెట్టుగా పెంచారు. ఆయన శిష్యులు కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. వీళ్ల ఊపిరి గురించి, సాధన గురించి చెప్పకుండా పేర్ల గురించే చెప్పడం పొగడ్త ఎలా అవుతుంది?

విద్వాంసుల సంగతే ఇలా ఉంటే, బిరుదుల్లేని వాళ్లను ఎవరడుగుతారు? తిరుపతి, చిత్తూరు పెళ్లి మండపాల్లో వాయించే దూదేకుల కళాకారుల బతుకు ముహూర్తాల మీద నడుస్తుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ. శుక్రమూఢమో గురుమూఢమో వస్తే మరికొన్నాళ్లు ఖాళీ. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి ఆ వేసవి ముహూర్తాలు చేజారిపోయాయి. దొరికిన పెళ్లి డబ్బులు మాట కుదిర్చినవాడికి కొంత పోగా, సన్నాయిలకూ డోళ్లకూ పంచుకోవాలి. సన్నాయి పీకల ఖర్చు ఎవరిది వాళ్లదే. సరిహద్దు జిల్లా కదా, పైగా అరవ మేళంతో పోటీ. 1960 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉండేది. గీత మారింది గానీ చెవులు మారలేదు. ఇక ఖర్చు తగ్గించుకోవాలనుకున్న వాళ్లకు సెల్‌ఫోనూ స్పీకరూ చాలు.

మరి జీతమొచ్చే కొలువు? తిరుమల తిరుపతి దేవస్థానంలో ఉద్యోగాలు హిందువులకేనని 1989 నాటి నియమావళి. అది ధార్మిక సంస్థ పెట్టుకున్న నియమం. దాని మంచిచెడ్డలు వేరే చర్చ. నా ప్రశ్న సామరస్యం గురించి రాసేవాళ్లకు. మీరింత మెచ్చుకునే ఈ సన్నాయికి నెలనెలా జీతమిచ్చే చోటేది? ఏడుకొండల కింద పుట్టి సన్నాయి పట్టినవాడు పెళ్లిళ్ల వెంట తిరగడం సరదా కొద్దీ కాదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. నేను ఉర్దూ మాట్లాడే ఇంట్లో పుట్టాను. తెలుగు మాట్లాడే దూదేకుల వాళ్లను 'ఆధా ముసల్మాన్' అనడం మా పెద్దల నోట విన్నాను. పిల్లనివ్వరు, పక్కన కూర్చోబెట్టుకోరు. ప్రభుత్వం వాళ్లను బీసీ-బిలో పెట్టింది. మనం ఏ జాబితాలో పెట్టాం? బిస్మిల్లా ఖాన్‌కు 2001లో భారతరత్న వస్తే పొంగిపోయాం. షెహనాయి అయితే మనది, సన్నాయి అయితే వాళ్లదా? నిఖాలో ఆ మేళం వద్దంటాం. సంగీతమే హరామనే పెద్దమనిషి ఒకడుంటాడు. అటు నాయీబ్రాహ్మణ కళాకారుడికీ ఇదే గతి. వాద్యం పెళ్లికి మంగళం, వాయించేవాడు పంక్తిలో చివర. మతాలు వేరైనా ఈ ఇద్దరినీ కలిపేది సామరస్యం కాదు, కులం.

కొన్నేళ్ల కిందట తిరుపతిలో ఒక పెళ్లికి పోయాను. తాళి పడింది. జనం ఫోటోలకు, భోజనాలకు లేచారు. ఖాళీ కుర్చీల ముందు ఒక పెద్దాయన కళ్లు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు. అయిపోయాక దగ్గరకెళ్లి నోటుబుక్కు తీశాను. "అన్నా, గుళ్లో కూడా వాయిస్తారా? నమాజుకు పోతారా? మీవాళ్లు ఏమీ అనరా?" అన్నీ ఓపిగ్గా చెప్పాడు. పీక విప్పి తుడుచుకుంటూ చివరికి అన్నాడు:

"గుడి గురించి అడిగినారు, మసీదు గురించి అడిగినారు. ఇంతసేపు నేను వాయించిన రాగమేందో అడగలేదే భాయ్?"

సిగ్గుతో అప్పుడడిగాను. ఖరహరప్రియ అన్నాడు. నాకు తెలియలేదు. బీయే దాకా చదివినవాణ్ణి, ఆయన ఊళ్లోనే పుట్టినవాణ్ణి. మరుసటి రోజు వార్తలో ఆ రాగం పేరు రాశాను. అచ్చులో శీర్షిక మాత్రం పాతదే వచ్చింది.