ముగ్గుల పుస్తకంలో చూచిరాత

సంక్రాంతి సెలవుల హోంవర్క్ ఈ వారం ఈ కాలమ్‌కి గట్టిగానే కోపం తెప్పించింది. పక్కింటి రెండో తరగతి పిల్లకు బడివాళ్లు రోజుకు రెండు పేజీల చూచిరాత ఇచ్చారు, తెలుగు ఒకటి, ఇంగ్లీషు ఒకటి. దానికి తోడు ‘నేను సంక్రాంతి ఎలా జరుపుకున్నాను’ అని పది వాక్యాలు. భోగి రాకముందే ఆ పదీ అయిపోయాయి. నిరుడు అక్క రాసినవే దింపేసింది. నోట్సులో గాలిపటాలు ఎగిరాయి, హరిదాసు వచ్చి వెళ్లాడు, పండగ దాటిపోయింది. ఇంట్లో మాత్రం అరిసెల బియ్యం ఇంకా నానుతున్నాయి.

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇంటిపని వద్దని ఈ కాలమ్ ఎన్నాళ్లుగా వాదిస్తోందో పాత పాఠకులకు తెలుసు. కేంద్రం తెచ్చిన 2020 స్కూల్ బ్యాగ్ విధానం చెప్పేదీ అదే. రెండో తరగతి వరకు హోంవర్కే వద్దు. మూడు నుంచి ఐదు వరకు వారానికి 2 గంటలు మించకూడదు. సాయంత్రం ఏం ఆడారో, ఏం తిన్నారో చిన్నపిల్లల చేత తరగతిలో చెప్పించమంటుంది.

అయితే అదే పిల్ల దగ్గర ఇంకో నోట్సు ఉంది. ముగ్గుల పుస్తకం.

ధనుర్మాసం పట్టిందంటే ఒకప్పుడు ప్రతి వీధిలోనూ ఇవి బయటికొచ్చేవి. ఎదురింటి వాకిట్లో వేసిన మంచి ముగ్గును సైకిళ్లు తొక్కేయకముందే కాగితం మీదికి ఎక్కించుకునేవాళ్లు. వారపత్రికల్లో పడిన ముగ్గుల్ని కత్తిరించి అంటించేవాళ్లు. ప్రతి ముగ్గు కిందా ఒక పేరు రాసుకునేవాళ్లు: పొంగలి కుండ, కనుమనాటి రథం, పిన్ని నేర్పిన పద్మం. పైన మాత్రం లెక్క ఉండేది. ఈ పిల్ల కూడా అమ్మ పాత పుస్తకం ముందు పెట్టుకుని ‘15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క’ అని గుండ్రంగా రాసుకుంది. అంటే మధ్య వరసలో 15 చుక్కలు. అక్కణ్నుంచి పైకీ కిందికీ వరసకొకటి తగ్గిస్తూ, ముందు వరస చుక్కల సందుల్లో పెడుతూ, 8 దగ్గర ఆపాలి. మొత్తం 169 చుక్కలు. సరి చుక్క అయితే చుక్క కింద చుక్క నిటారుగా రావాలి. ఆ తేడా పట్టకపోతే పద్మం రేక మూసుకోదు. అక్కడ ఎవరూ ఎర్రసిరాతో సున్నా చుట్టనక్కర్లేదు. పిల్లే చెరిపి మళ్లీ పెడుతుంది.

ఇదీ చూచిరాతే.

తెల్లారితే వాకిట్లో ఆ నకలుతో పని ఉంది, ఆ నకలు చేసుకోవాలని పిల్లకే ఉంది. కాబట్టి చూసి రాయడాన్నే సెలవుల నుంచి వెళ్లగొట్టాలన్న వాదన ఇక్కడ నిలవదు. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్, ఏ పిల్ల ఏ మాట అడిగితే ఆ మాటే అట్టముక్క మీద రాసిచ్చేవారు. 1963లో వచ్చిన ‘టీచర్’ పుస్తకంలో ఆ పద్ధతిని వివరించారు. పండగ ఇంట్లో ఇది మరీ తేలిక. “గంగిరెద్దు నన్ను చూసి తల ఊపింది” అని ఒకటో తరగతి పిల్లాడు చెబితే, అమ్మ ఆ మాటనే పెద్ద అక్షరాలతో రాసివ్వాలి. వాడు దాన్ని చూసి రాస్తాడు. రెండో తరగతి వాళ్లు భోగిపళ్లకు కావలసినవి జాబితా వేయవచ్చు: రేగిపళ్లు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర నాణేలు. మూడో తరగతి వాళ్లు, పాకం పట్టేటప్పుడు అమ్మమ్మ ఒక చుక్క నీళ్లలో వేసి ఎందుకు చూసిందో అడిగి రాయవచ్చు. పండక్కి రాలేకపోయిన బాబాయికి ఒక పోస్టుకార్డు రాయవచ్చు.

అందుకే టీచర్లను ఈ కాలమ్ అడిగేది ఈ ఏడు వేరు. సెలవుల్లో రాత పూర్తిగా మానిపించవద్దు. హోంవర్క్ అన్న పేరు తీసేసి, పండగ అయ్యాక పిల్లలు తమకు నచ్చినది ఒక్క పేజీ రాసుకురమ్మని చెప్పండి. బడి తెరిచిన రోజు దిద్దడానికి ముందు వాళ్ల చేతే చదివించి వినండి. ముగ్గుల పుస్తకం తెచ్చిన పిల్లను బోర్డు మీద చుక్కలు పెట్టనిస్తే, 169 ఎలా వచ్చాయో తరగతంతా కలిసి లెక్కపెట్టుకోవచ్చు.