త్రవ్వకపు వ్రాతలు – పాఠనిర్ణయము

పురాతత్త్వ శాస్త్రమున ఒక చిక్కు కలదు. మట్టిపొరను ఒకసారి తొలగించిన పిదప దానిని మరల యథాస్థానమున నిలుపుటకు వీలులేదు. ఏ వస్తువు ఎచ్చట, దేనిమీద ఉండెనో తెలుపునది త్రవ్వించినవాని చేవ్రాతయే. అట్టి వ్రాతలను డిజిటల్ రూపమున నిలుపు యత్నములు నేడు పెక్కు జరుగుచున్నవి. వానిని ప్రతిలేఖనములుగా భావింపవలెనా, పరిష్కరణములుగా భావింపవలెనా అనునది విచార్యము.

1922 నవంబరు 4వ తేదీన ఈజిప్టునందలి రాజుల లోయలో హవర్డ్ కార్టర్ పనివారికి టుటంఖామున్ సమాధి మెట్టు కానవచ్చెను. సమాధిలోని వస్తువులను వెలికితీయుటకు సుమారు పదేండ్లు పట్టినది. వానికి 1 మొదలు 620 వరకు వరుస సంఖ్యలిచ్చి, కొలతలతోను రేఖాచిత్రములతోను కార్డులు వ్రాసిరి. కార్టర్ 1923, 1927, 1933 సంవత్సరములలో ప్రకటించిన మూడు సంపుటములు సామాన్య పాఠకులకు ఉద్దేశింపబడినవి. సమగ్రమైన శాస్త్రీయ నివేదిక వెలువడకయే ఆయన 1939లో మరణించెను. కావున ఆ కార్డులే మనకు మూలగ్రంథము.

ఆక్స్‌ఫర్డునందలి గ్రిఫిత్ సంస్థ 1990ల దశకము నుండి ఈ వ్రాతలను అందరికిని అందుబాటులోనికి తెచ్చినది. కార్డుల ప్రతిబింబములను యథాతథముగా చూపుట దాని ప్రధాన గుణము. అక్షరము సందేహాస్పదమైనచో పాఠకుడు తానే చూచి నిర్ణయించుకొనవచ్చును.

ఈ సౌకర్యము ఎంత అవసరమో ఒక ఉదాహరణము తెలుపును. 1922 నవంబరు 26న కార్టర్ గోడకు చేసిన రంధ్రమునుండి లోనికి చూచెను. ఏమైన కనబడుచున్నదా అని కార్నార్వన్ ప్రభువు అడిగినపుడు ఆయన ఇచ్చిన ప్రత్యుత్తరము దినచర్యలో ఒక తీరున, కార్నార్వన్ వ్రాసినదానిలో వేరొక తీరున, 1923 నాటి గ్రంథములో మరియొక తీరున ఉన్నది. లోకమున ప్రసిద్ధమైనది అచ్చుపాఠమే. చేవ్రాత లభింపకున్నచో పాఠాంతరమున్నదని మనకు తెలియకపోయెడిది.

మనకును ఇట్టి అనుభవము కలదు. 19వ శతాబ్దమున బ్రౌన్ దొర పండితులను నియమించి, వ్రాతప్రతులను పోల్చించి శుద్ధప్రతులు సిద్ధము చేయించెను. ఆ ఉపకారము మరువరానిది. అయినను మాతృక నశించి శుద్ధప్రతి మాత్రమే మిగిలినచోట ఏది కవిపాఠము, ఏది పండితుని సవరణ అని తేల్చుట దుష్కరము.

డిజిటల్ ప్రతియందు ఈ ప్రమాదము తగ్గలేదు, రూపము మార్చుకొన్నది. పరిశోధకుడు నేడు పుటలు తిరుగవేయడు, మాటను వెదకును. చేవ్రాతలోని మాటను తప్పుగా చదివి ఎక్కించినచో ఆ కార్డు వెదకువానికి దొరకదు. ఉన్నదియు లేనిదానితో సమానమగును.

కావున డిజిటలీకరణమును పరిష్కరణముగానే ఎంచవలెను. పాఠము ప్రక్కన ప్రతిబింబముండవలెను. కొట్టివేతలను, అంచువ్రాతలను విడువరాదు. సందిగ్ధమైనచోట గుర్తు చూపవలెను. సవరించినవారి పేరును, తేదీని తెలుపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, మూలమైన కాగితమును భద్రపరుపవలెను. తాళపత్ర గ్రంథముల పరిష్కరణమున మన విద్యార్థులు నేర్చుకొను నియమములు ఇవియే. వానిని ఈ క్రొత్త రంగమునకు అన్వయింపగలవారు తెలుగు శాఖలయందును ఉన్నారని గుర్తింపవలసియున్నది.