వసంతవర్ణనము: క్రీడయు జీవికయు

కావ్యమునకు నగరార్ణవశైలాది వర్ణనము లంగములని చెప్పిన దండ్యాచార్యుఁడు ఋతువును వేఱుగను ఉద్యానక్రీడను వేఱుగను గణించెను. తరువాతి లాక్షణికు లీ గణననే యష్టాదశవర్ణనములని స్థిరపఱచిరి. శాస్త్రమున వేఱైన యీ రెండును తెలుఁగు ప్రబంధములయందుఁ దఱచుగా నొక్కచోటనే కూడును. వసంతము వచ్చును, నాయకుఁడు వనమునకుఁ బోవును, చెలికత్తెలు పూవులు గోయుదురు, పిదప జలక్రీడ. ఈ క్రమమునకుఁ బాఠకుఁ డలవాటుపడినాఁడు. కావుననే విస్తారమైన వసంతవర్ణనము లేని కావ్యము కొఱఁతగలదిగాఁ దోఁచుట సహజము. బమ్మెర పోతనామాత్యుని భాగవతముపై నట్టి యాక్షేపము పుట్టుట కవకాశము గలదు. అది యెంతవఱకు నిలుచునో విచారింపఁదగియున్నది.

ఈ విచారమునకు వ్యాకరణశాస్త్రమం దొక సాధనము గలదు. పూవులు గోసి యాడు నాటల పేళ్లు పాణిని దృష్టినిఁ దప్పిపోలేదు. ఉద్దాలకపుష్పభంజిక, వారణపుష్పప్రచాయిక, సాలభంజిక యనునవి ప్రాచ్యదేశపు క్రీడలకుఁ బేళ్లని వృత్తికారు లుదాహరించిరి. ఇట్టి పదములయందు షష్ఠీసమాసము వైకల్పికము గాక నిత్యమని సూత్రకారుఁడు విధించెను. అయితే యా సూత్రము క్రీడ నొక్కదానినే చెప్పక జీవికనుఁ గూడఁ జేర్చి చెప్పుచున్నది. దంతలేఖకుఁడు, నఖలేఖకుఁడు నను వృత్తినామములును పుష్పభంజికయు నొక్క విధికే లోఁబడినవి. ఇందు సూత్రకారునకు లాఘవమే ప్రయోజనము. కావ్యతత్త్వ ముద్దిష్టము గాదు. అయినను ఆటయు బ్రతుకుఁదెరువును నను నీ జంట వసంతవర్ణనముల విలువ నెఱుంగుట కొక గీటుఱాయి కాఁదగును. పూవు గోయువాఁ డొకఁడు, పూవు పూయించువాఁ డొకఁడు. కావ్యమున నిరువురును గానవత్తురా, మొదటివాఁడే కానవచ్చునా?

వాత్స్యాయనుఁడు నాగరకుని వినోదములఁ బేర్కొనుచు సువసంతకము, మదనోత్సవము, హోలాకము, సహకారభంజిక, దమనభంజిక, అశోకోత్తంసిక, పుష్పావచాయిక, చూతలతిక, ఏకశాల్మలి మున్నగువానిని వరుసగాఁ జెప్పెను. పూచిన పెద్ద బూరుగుమ్రాను క్రిందఁ జేరి, దాని పూవులనే తొడవులుగాఁ దాల్చి యాడుట యేకశాల్మలి. ఇది కేవలము విలాసుల శాస్త్రమని త్రోసిపుచ్చఁదగదు. ఆ గ్రంథముననే భార్యాధికారమున, గృహిణి యింటితోఁటలో నాకుకూరల మడులు, చెఱకు గుబురులు, జీలకఱ్ఱ, ఆవాలు పెంచి, మల్లె, జాజి, నందివర్ధనము మొదలగు మొక్కలు నాఁటించి, నడుమ బావి త్రవ్వింపవలయునని విధి గలదు. తోఁటలో నాడువారితోఁ బాటు తోఁటను సాఁకువారు నా శాస్త్రకారుని దృష్టిలో నున్నారు.

సంస్కృతనాటకకర్తలును ఈ సమత్వమును బాటించిరి. హర్షుని రత్నావళి మదనోత్సవముతోఁ బ్రారంభమగును. ఆ నాటకముననే రాజు తన నవమాలిక నకాలమునఁ బూయించు దోహదమును నేర్చి ప్రయోగించును. కాళిదాసుని శకుంతల రంగమునఁ దొలుత నగపడునది నీరుమోయుచున్న కన్యగానే. ఆమె పోసిన నీటిచేతనే వనజ్యోత్స్న పూచినది. శకుంతల పాదులకు నీళ్లు పోయుటను జూచిన ప్రేక్షకునకు నా పూవులయం దాదర మధిక మగును గాని తఱుగదు.

తెలుఁగుదేశమున వసంతోత్సవమునకు రాజాదరము లభించెను. కొండవీటిరెడ్లలోఁ గుమారగిరిరెడ్డి కర్పూరవసంతరాయఁ డని ప్రసిద్ధి కెక్కెను. నాట్యమునుగూర్చి యతని పేర వసంతరాజీయము వెలసెను. సుగంధద్రవ్యముల వర్తకుఁడైన యవచి తిప్పయసెట్టి శ్రీనాథుని హరవిలాసమునకుఁ గృతిభర్త యయ్యెను. ఇట్టి వైభవము తరువాతి ప్రబంధములకు దారి చూపినది. రామరాజభూషణుని వసుచరిత్రమునందలి వసంతవర్ణనము నాదసంపదయందు సాటిలేనిది. శబ్దమే మలయానిలమై వీచునట్లు కూర్చిన యా పద్యములు చదువువాని చెవిని వదలవు. ఆ ప్రతిభకు నమస్కరింపవలసినదే. అయినను ఆ వనమున మొక్కకుఁ బాదు చేసినవాఁ డెవ్వఁడని యడిగినచో నుత్తరము లేదు. అచట వసంతము వచ్చునదే గాని యొకరు తెచ్చునది గాదు.

లోకమున నట్లు గాదు. వరాహమిహిరుఁడు బృహత్సంహితయందలి వృక్షాయుర్వేదాధ్యాయమునఁ గొమ్మలు వేయని మొక్కలను శిశిరమునను, కొమ్మలు గలవానిని హేమంతమునను, మంచి బోదె గలవానిని వర్షాగమమునను నాఁటవలయుననెను. వేసవిని ఉదయసాయంకాలములయందును, చలికాలమున దినము విడిచి దినమును, వానకాలమున నేల యెండినప్పుడును నీరు పోయవలయును. చెట్టునకుఁ జెట్టునకు 20 మూరల యెడ ముత్తమము, 16 మధ్యమము, 12 అధమము. నాఁటుటకుఁ జెప్పిన యీ కాలములలో వసంతము పేరు లేదు. అనఁగా వసంతమునఁ గంటికిఁ గానవచ్చు శోభ యంతయు నితరఋతువులయందుఁ బడిన శ్రమకు ఫలము. ఋతువర్ణనము చేయు కవి యీ పూర్వకథను విడిచినచో దోషము లేదు. ఎఱిఁగి విడిచెనా, యెఱుఁగక విడిచెనా యన్నది మాత్రము పద్యమే తెలుపును.

కవిసమయములఁ గూర్చి యొక్కమాట. వసంతమున మాలతి యున్నను వర్ణింపరాదనియు, కోకిలకూఁత యితరకాలముల విననైనను వసంతముననే వర్ణింపవలయుననియు రాజశేఖరుఁడు కావ్యమీమాంసయందుఁ జెప్పెను. లోకముననున్న దానిని విడుచుటయు నియమించుటయు నన్న భేద మెఱిఁగియే యతఁ డిట్లు చెప్పెను. లోకమును జూచినవాఁడే దానిని విడువఁగలఁడు. చూడనివాఁడు విడుచుట సమయము గాదు, అజ్ఞానము.

ఈ గీటుఱాయిపై నొరసి చూచుటకు జనగామ సీమ మిక్కిలి యనుకూలము. 2016వ సంవత్సరమున జిల్లాగా నేర్పడిన యీ సీమలోఁ బాలకుర్తి మండలమునందే సోమనాథుని పేరఁ బ్రసిద్ధమైన పాలకుర్తియు, పోతన గ్రామముగాఁ జెప్పఁబడు బమ్మెరయుఁ గలవు. వాల్మీకి వసించెనని స్థలజనులు చెప్పుకొను వల్మిడియు నచటిదే. ఏకశిలానగర మోరుగల్లా, యొంటిమిట్టయా యను వివాద మిచట నప్రస్తుతము. ఇచటి యెఱ్ఱచెలకలలో శిశిరాంతమున నాకు రాలుటయు మోదుగు పూచుటయు నించుమించుగా నొక్కమాఱే జరుగును. గట్లమీఁద నాకులేని కొమ్మల నిండ నా పూవు నిప్పువలె వెలుఁగును. ఆ వసంతమును జూచుట కుద్యానమునకుఁ బోనక్కఱలేదు.

సోమనాథుఁడు ద్విపదకవి, నాగరకవిలాసము నతఁ డుద్దేశింపలేదు. పండితారాధ్యచరిత్రమున శివరాత్రికి శ్రీశైలమున కేఁగు భక్తజనమునకుఁ బర్వతప్రకరణము నంకితము చేసెను. శివరాత్రి మాఘబహుళచతుర్దశి, వసంతమునకు వాకిలి. వసుచరిత్రమువలెఁ గొమ్మలు వంచి పూవులు గోయు చెలికత్తెల కీ మార్గమునఁ జోటు లేదు. పూవు దేవుని సొమ్ము. బసవపురాణమునఁ గీర్తింపఁబడిన కన్నప్ప వేఁటకాఁడు; శైవవాఙ్మయమున నతని పూజాద్రవ్యము లడవి యిచ్చినవే. కన్నడకవి హరిహరుఁడును పుష్పరగళెయందు విరూపాక్షునకై పూవులు గోయుటనే కావ్యవస్తువుగాఁ జేసికొనెను. క్రీడకు బదులు సేవ నిలిచినను పుష్పాపచయము పోలేదు. దాని ఫలము మాఱినది.

ఇఁకఁ బోతన. భాగవతమూలముననే దశమస్కంధమున విస్తరించి వర్ణింపఁబడిన ఋతువులు వర్షాశరత్తులు. మార్కండేయుని తపస్సును భంగపఱుప నింద్రుఁడు వసంతుని బంపిన ఘట్టము ద్వాదశస్కంధములోనిది; తెలుఁగున నా స్కంధము వెలిగందల నారయ కృతము. కావున వసంతవర్ణనము లేదని పోతనను నిందించుట కంటె ముందు, మూలమున నతని పాలికి వచ్చిన దేదియో చూడవలయును. వచ్చినది చిత్రమైనది. బృందావనమున గ్రీష్మమే వసంతమువలెఁ దోఁచినదని ప్రలంబవధకు ముందు మూలకారుఁడు చెప్పెను. సెలయేళ్ల తుంపురులచేతఁ జెట్లు వాడలేదు, పచ్చిక యెండలేదు. అచటికి వచ్చినవారు రాజులు గారు, పసులఁ గాచు పిల్లలు. చిగుళ్లు, నెమలిపురులు, పూగుత్తులు తొడవులుగాఁ దాల్చి, మారేడుకాయలు, ఉసిరికకాయలు రువ్వుకొనుచు, కప్పగంతులు వేయుచు, ఉయ్యెల లూఁగుచు, రాజులవలె నటించుచు నాడుదురు. ఆవులు మేయుచునే యుండును. ప్రబంధమున రాజు వనమునకుఁ బోయి యాడును. భాగవతమున గొల్లపిల్లలు పనిలో నుండి రాజాట యాడుదురు. క్రీడయు జీవికయు విడఁదీయరాని సమాసమైనది ఇచటనే.

ఈ ధర్మము పోతనచేతిలో నింకను దేశీయ మయ్యెను. గోపబాలకు లిసుకతిన్నెపైఁ గూర్చుండి చల్దులారగించు ఘట్టమున మూలము కృష్ణుని వ్రేళ్లసందుల ఫలముల నుంచినది. పోతన యా చోట నూరుఁగాయల నుంచెను. ఒక్క పదముమార్పుతో బృందావనము తెలుఁగుపల్లె చేనిగట్టునకు వచ్చినది. ఊరుఁగాయ యనఁగా ఋతువును జాడిలో నిలిపికొను గృహిణి నేర్పు. ఏఁటి కొకమాఱు వచ్చు కాపును ఏఁడాది పొడుగునఁ దినువారి సొత్తు. ఈ మార్పు భాషాంతరీకరణమున స్వేచ్ఛ యని చెప్పి యూరకుండుట చాలదు. తోఁట ఫలమెక్కడికిఁ జేరునో యెఱిఁగినవాని చూపిది.

పోతనదిగా వ్యవహరింపఁబడు చాటుపద్య మొకటి గలదు. కావ్యకన్యను లేఁతమామిడి క్రొంజిగురుతోఁ బోల్చి, అట్టిదానిని దుష్టుల కమ్ముకొని తినుటకంటె సత్కవులు నాఁగలి పట్టినను, అడవిలోఁ గందమూలములు త్రవ్వుకొన్నను తప్పేమని యందలి భావము. ఇది భాగవతములోనిది గాదు, కర్తృత్వమును సంశయింపవచ్చును. అయినను దాని రచన పరిశీలింపఁదగినది. చిగురు కోమలత్వమున కుపమానమని లాక్షణికుఁడు తృప్తి పడును. మామిడిచిగురు నెఱిఁగినవాఁ డింకొకటి తలఁచును: రాగివన్నెతో వ్రేలాడు నా చిగురునకు మెత్తఁదనము గొలఁది దినములదే, పిదప నది ముదిరి పచ్చనాకై చెట్టున కాహారము సమకూర్చును. ఆ చిగురును నాఁగలియు నొక్క పద్యముననే యుంచుట యాదృచ్ఛికము గాదు. వసంతమునకుఁ గల సౌకుమార్యమును హాలికుని కఠినశ్రమయు నొకరి చేతిలోనే యున్నవని యా పద్యము చెప్పుచున్నది. విస్తారవర్ణనము లేకున్నను వసంతతత్త్వ మిందు సమగ్రము.

దీనినిబట్టి ప్రబంధములన్నియు నీ తత్త్వమునకు దూరములని తలఁపరాదు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుఁడు పూఁదోఁటను సాఁకి మాలలు గట్టి స్వామికి సమర్పించువాఁడు. గోద యతనికి లభించినది యా తోఁటలోనే. చక్రవర్తియైన కవి తోఁటమాలిని బూజ్యునిగాఁ జేసెను. క్రీడ, సేవ, శ్రమ మూఁడు నచటఁ గూడినవి. కాన దోషము ప్రబంధజాతిది గాదు; మాదిరిని జూచి మాదిరి వ్రాసిన యనుకర్తలది.

వాడుకభాష యీ విషయమున నెంతయు సాక్ష్య మిచ్చును. తెలుఁగున వసంత మనఁగా ఋతువే గాక చల్లుకొను రంగునీరుఁ గూడ. వసంతము లాడుట యనునది ఋతువును జేతితోఁ బట్టి యొకరిపై నొకరు చల్లుకొనుటయే. తెలంగాణమున ఫాల్గునపూర్ణిమ కాముని పున్నమ. మోదుగుపూవులు నానఁబెట్టి, కాఁచి, యా రంగు చల్లుకొనుట పల్లెల యాచారము. ఆ చెట్టు ఆకులే విస్తళ్లగును. అటవీప్రాంతములయందు వేసవి మొదట నిప్పచెట్ల క్రిందఁ దెల్లవాఱకముందే రాలిన పూవుల నేఱుకొని యెండఁబెట్టుకొందురు. స్వయంవరమున నిందుమతి ధరించిన మాల యిప్పపూవులదే, మధూకములదే. ఒక్క పుష్పాపచయము కాళిదాసునకు మంగళము, అడవిబిడ్డలకు గ్రాసము.

ఇందు పాఠశాలాపండితులకు సంబంధించిన యంశ మొకటి గలదు. టీకలయందుఁ గింశుకమునకు, మధూకమునకు, నక్తమాలమునకు, కోవిదారమునకు ‘వృక్షవిశేషము’ అను నర్థమే వ్రాయుట పరిపాటి. విద్యాహీనుఁడు వాసన లేని కింశుకమువంటివాఁడని నీతిశ్లోకమును వల్లించు బాలుఁడు బడికి వచ్చు దారిలో నా మోదుగును జూచుచునే వచ్చును. అదియే యిది యని యతనికిఁ జెప్పువారు లేరు. చిలుక ముక్కువంటి యా పూరేకును జేతఁ బెట్టి చూపినచో, ఇది చిలుకయా యను శంకనుండి పుట్టిన యా పేరి వ్యుత్పత్తి నిమిషమున బోధపడును. నక్తమాలము కానుఁగ యనియు, వకుళము పొగడ యనియు, శిరీషము దిరిసెన యనియుఁ జెప్పినచోఁ బోతన గజేంద్రమోక్షగద్యమునందలి తరునామపంక్తి కంఠశోషకు మాఱుగాఁ దోఁటలో నడక యగును. వర్ణన మొల్లని విద్యార్థిని నిందించుటకు ముందు, వర్ణ్యవస్తు వతనికిఁ జూపఁబడినదా యని యడుగుట న్యాయము.

పాణిని వసంతశబ్దమునకుఁ దద్ధితములు పెక్కు చెప్పెను. వసంతమునఁ బూచునది వాసంతి. వసంతమున విత్తఁబడినది వాసంతము, వాసంతకమును. వసంతమును గూర్చిన గ్రంథము నధ్యయనము చేయువాఁడు, దాని నెఱిఁగినవాఁడు వాసంతికుఁడు. పూచుట, విత్తుట, చదువుట యను మూఁటికిని శాస్త్రమున సమానమైన స్థానము గలదు. సాహిత్యవిద్యయందు మూఁడవది మాత్రమే మిగిలి మొదటి రెండును మఱుఁగుపడినచో వసంతవర్ణనము శబ్దమాత్ర మగును. పాలకుర్తి బమ్మెరల కవు లా మూఁటిని విడఁదీయలేదు. వారి కావ్యములఁ జదువువారును విడఁదీయరాదు.