720 అనే అంకె వెనక పనితనం

కిలో మట్టిలో జింకు 720 మిల్లీగ్రాములు. నెదర్లాండ్స్ ప్రభుత్వం 1994లో వెలువరించిన పట్టికలో ఒక వరుస ఇది. దాని చుట్టుపక్కలే సీసానికి 530, రాగికి 190, ఆర్సెనిక్‌కు 55, పాదరసానికి 10. కాలుష్యం మీద నివేదికలు చదివే అలవాటున్నవాళ్లకు ఈ అంకెలు పాత పరిచయస్తులే. సొంత ప్రమాణాలు లేని దేశాల్లో ఏ కన్సల్టెంటయినా ముందుగా చేయి చాపేది ఈ ‘డచ్ లిస్టు’ వైపే. అంకెల్ని అలా ప్రపంచమంతా ఎత్తుకుపోయింది. వాటిని కట్టిన తీరు మాత్రం అక్కడే ఉండిపోయింది. పట్టికలో అసలు చూడదగ్గది ఆ కట్టుబడే అని నా అభిప్రాయం.

కథ లెకెర్‌కెర్క్ దగ్గర మొదలవుతుంది. రోటర్‌డామ్‌కు దగ్గర్లో లెక్ నది ఒడ్డున ఉన్న ఊరు. 1970ల మొదట్లో అక్కడ కొత్త ఇళ్ల కాలనీ వేశారు. పొలాల మధ్య నీటి కాల్వల్ని చెత్తతో పూడ్చి, పైన మట్టి పరిచి, ఆ మీద ఇళ్లు కట్టారు. పూడ్చిన చెత్తలో రసాయన వ్యర్థాల పీపాలు కూడా ఉన్నాయి. టోలుయీన్, జైలీన్ లాంటి ద్రావకాలు మెల్లగా మట్టిలోకి దిగాయి. నేలలో వేసిన ప్లాస్టిక్ నీటి గొట్టాల్ని అవి పాడుచేశాయి, తాగునీటిలోకీ చేరాయి. 1980లో సుమారు 270 ఇళ్లవాళ్లను ఖాళీ చేయించి తవ్వితే 1,600 పైచిలుకు పీపాలు బయటపడ్డాయి.

దేశం ఉలిక్కిపడింది. 1983లో నేల శుద్ధికి తాత్కాలిక చట్టం వచ్చింది. దానితోపాటే ఎ, బి, సి అనే మూడు మెట్ల పట్టిక. ఎ అంటే శుభ్రమైన నేల. బి దాటితే ఇంకా పరీక్షించాలి. సి దాటితే శుద్ధి చేయాలి. శుద్ధి చేస్తే ఎ దాకా చేయాలి, అంటే ఆ నేల రేపు బడికైనా, కూరగాయల తోటకైనా, దేనికైనా పనికిరావాలి. గొప్ప ఆశయం. కానీ ఆ మొదటి అంకెలు చాలావరకు నిపుణులు తమ అనుభవాన్ని బట్టి వేసినవి. ఎందుకు ఇంత అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. 1994 పట్టిక ఆ ప్రశ్నకు జవాబుగా పుట్టింది.

పని జాతీయ ప్రజారోగ్య, పర్యావరణ సంస్థ ఆర్ఐవీఎం చేతిలో పడింది. వాళ్లు ప్రతి పదార్థాన్నీ రెండు దారుల్లో నడిపించారు.

మొదటి దారి మనిషిది. ఆ లెక్కకు సీసాయిల్ అని పేరు. తోట ఉన్న ఇంట్లో ఒక మనిషి పుట్టిన దగ్గర్నుంచి 70 ఏళ్లు బతుకుతాడని ఊహిస్తుంది. మొదటి ఆరేళ్లు పసివాడు, మట్టిలో ఆడతాడు, వేళ్లు నోట్లో పెట్టుకుంటాడు. పెరట్లో కూరగాయలు పండించుకుంటారు, కానీ తినేదాంట్లో పదో వంతే పెరటిది. డచ్ ఇళ్లకు నేల అంతస్తు కింద మనిషి పాకి వెళ్లేంత ఖాళీ ఉంటుంది. మట్టిలోంచి ఎగసిన ఆవిరి ఆ ఖాళీలో నిండి, చెక్క నేల సందుల్లోంచి గదిలోకి వస్తుంది. అదీ లెక్కలో ఉంది. ఇంకో దారి చూడండి: మట్టిలోని ద్రావకం ప్లాస్టిక్ గొట్టం గోడల గుండా తాగునీటిలోకి ఊరడం. ఇంత ఇరుకైన దారిని లెక్కలో చేర్చాలని బల్ల ముందు కూర్చున్నవాడికి తోచదు. లెకెర్‌కెర్క్ చూసినవాళ్లకు తోచి ఉంటుందని నా అనుమానం.

రెండో దారి నేలలో బతికే జీవులది. వానపాములు, మొక్కలు, సూక్ష్మజీవులు, అవి చేసే కుళ్లబెట్టే పనులు అన్నిటి మీదా జరిగిన ప్రయోగాల ఫలితాల్ని కలిపి, వాటిలో సగానికి హాని తగిలే గాఢత ఎంతో అంచనా వేశారు. సగమే ఎందుకు? అది శాస్త్రం చెప్పిన సంగతి కాదు, ‘తీవ్రమైన కాలుష్యం’ అంటే ఏమిటో తేల్చుకోవడానికి వాళ్లు ఎంచుకున్న గీత. మనిషి వైపూ ఇలాంటి ఎంపికే ఉంది: క్యాన్సర్ కలిగించే పదార్థమైతే జీవితకాలంలో పది వేల మందిలో ఒకరికి అదనంగా వచ్చే ప్రమాదం వరకు. ఇలాంటి ఎంపికలు చాలా ప్రమాణాల్లో లోపలెక్కడో దాగి ఉంటాయి. ఇక్కడ బయటే పెట్టారు, కాదనేవాళ్లకు దేన్ని కాదనాలో తెలుస్తుంది.

రెండు దారుల్లో ఏది చిన్న అంకె ఇస్తే అది పట్టికకెక్కుతుంది. బెంజీన్‌ను కిలోకు 1 మిల్లీగ్రాము దగ్గర ఆపింది మనిషి ఊపిరి. జింకును 720 దగ్గర ఆపింది మాత్రం మనిషి కాదు. మనిషి వైపు లెక్క అంతకంటే ఎంతో పైకి పోతుంది. అక్కడ గీత గీసింది నేలలోని జీవులు.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క దగ్గరకు వస్తాను. 720 అనేది ఏ నేలకూ నేరుగా వర్తించదు. అది ‘ప్రామాణిక మట్టి’కి రాసిన అంకె: బంకమన్ను 25 శాతం, సేంద్రియ పదార్థం 10 శాతం. మీ నేల వేరైతే అంకె మారుతుంది. జింకుకు సూత్రం ఇది: 50కి బంకమన్ను శాతాన్ని మూడింతలు చేసి కలపండి, సేంద్రియ పదార్థ శాతాన్ని ఒకటిన్నర రెట్లు చేసి కలపండి. ప్రామాణిక మట్టికి అది 50, 75, 15 కలిసి 140. బంకమన్ను 2 శాతం, సేంద్రియం 2 శాతం ఉన్న ఇసుక నేలకు 59 వస్తుంది. 59ని 140తో భాగించి 720తో హెచ్చిస్తే ఇసుక నేలలో హద్దు సుమారు 303. అదే బంకమన్ను 40, సేంద్రియం 5 ఉన్న బరువు నేలలో 913 దాకా పోతుంది. కాలుష్యం అంటని ప్రాంతాల నుంచి మట్టి నమూనాలు తెచ్చి, బంకమన్ను పెరిగేకొద్దీ లోహం సహజంగా ఎంత పెరుగుతోందో గీత గీసి తీసిన సూత్రాలివి. ఆర్సెనిక్‌కు ఒకటి, సీసానికి ఒకటి, నికెల్‌కు కేవలం బంకమన్ను మీద ఆధారపడేది ఇంకొకటి. బెంజీన్ లాంటి వాటికి బంకమన్నుతో పని లేదు, అవి అంటుకునేది సేంద్రియ పదార్థానికి కాబట్టి దాని శాతం ఒక్కటే చాలు. సేంద్రియం 2 శాతానికి పడిపోతే బెంజీన్ హద్దు 1 నుంచి 0.2కు దిగుతుంది.

ఈ పనిలో ఒక అతుకు కనిపిస్తూనే ఉంది. సహజంగా లోహం ఎంత ఉంటుందో చెప్పే గీతను, ఎంత ఉంటే విషమో చెప్పే అంకెకు కూడా వాడేశారు. రెండూ ఒకటి కావు. అయినా నేలను బట్టి హద్దు కదలాలన్న పట్టు వదలకుండా, చేతిలో ఉన్న సామగ్రితో కట్టిన పని అది. ఒకే అంకెను ఇసుకకూ బంకకూ రుద్దడం కంటే మేలని ఒప్పుకోక తప్పదు.

పరిమాణం సంగతీ అంతే జాగ్రత్తగా చూశారు. ఒక్క నమూనాలో అంకె దాటినంత మాత్రాన ఆ నేలను తీవ్ర కాలుష్యం కింద లెక్కించరు. కనీసం 25 ఘనమీటర్ల మట్టిలో సగటు హద్దు దాటాలి. అంటే అయిదు మీటర్ల పొడవూ వెడల్పూ, ఒక మీటరు లోతూ ఉన్న పెరడు. భూగర్భజలానికైతే నీటితో నిండిన 100 ఘనమీటర్ల నేల. కూరగాయల మళ్ల లాంటి సున్నితమైన చోట్ల అంతకంటే తక్కువైనా పట్టించుకోవాలని మినహాయింపు పెట్టారు. రాతినార (ఆస్‌బెస్టాస్) విషయంలో పరిమాణం షరతే లేదు.

నీటి అంకెల్ని వేరే ఎక్కడినుంచో తేలేదు. మట్టి అంకె నుంచే, మట్టికీ నీటికీ మధ్య పదార్థం ఎలా పంచుకుంటుందో లెక్కగట్టి తెచ్చారు. కానీ అసలు నేలలో ఆ పంపకం పూర్తిగా జరగదు కాబట్టి వచ్చినదాన్ని పదితో భాగించారు. ఆ నీళ్లు తాగితే ఏమవుతుందో మళ్లీ విడిగా సరిచూశారు. బెంజీన్‌కు లీటరుకు 30 మైక్రోగ్రాములు, సీసానికి 75, జింకుకు 800. ఇవి తాగునీటి ప్రమాణాలు కావు. ఈ రెంటినీ కలగలిపే నివేదికలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

హద్దు దాటితే వెంటనే తవ్వమనీ కాదు. దాటితే ‘తీవ్రం’ అన్న మాట పడేది, ఆ తర్వాత ఆ చోట నిజంగా మనుషులకు, జీవులకు ఎంత ప్రమాదముందో, కాలుష్యం పక్కకు పాకే అవకాశం ఎంతో చూసి ఎప్పుడు శుద్ధి చేయాలో తేల్చేవారు. అన్ని చోట్లా ఎ మెట్టు దాకా శుద్ధి చేయాలన్న పాత ఆశయం ఖర్చు ముందు నిలవలేదు. 1997 తర్వాత నేలను దేనికి వాడతారో దాన్ని బట్టి శుద్ధి అన్న విధానం వచ్చింది. కొందరు దీన్ని వెనకడుగు అన్నారు. డబ్బు చాలక ఏ చోటా పూర్తికాని ఆదర్శం కంటే ఇది నయమనే నేను అనుకుంటాను.

కొత్త సమాచారం వచ్చినప్పుడు అంకెలు రెండు వైపులా జరిగాయి. 2009 నాటికి ఆర్సెనిక్ 55 నుంచి 76కు ఎక్కింది, నికెల్ 210 నుంచి 100కు దిగింది. పాదరసం అనే ఒకే వరుస రెండుగా చీలింది: అకర్బన రూపానికి 36, సేంద్రియ రూపానికి 4. ఒకే లోహం, రెండు రూపాలు, తొమ్మిది రెట్ల తేడా. సీసం మాత్రం కదల్లేదు. సీసానికి సురక్షితమైన అడుగు హద్దు చెప్పలేమని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లోనే తేల్చినా, జాతీయ పట్టికలో 530 చాలా ఏళ్లు అలాగే ఉండిపోయింది. పసివాడి వేళ్లను లెక్కలో కూర్చోబెట్టిన పట్టికకు ఇది పెద్ద మచ్చ.

ఇవన్నీ మనకెందుకంటే, మన దగ్గరా ఇప్పుడు కలుషిత నేలల లెక్క తేల్చే పని మొదలైంది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ మట్టిలో భారలోహాల్ని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) శాస్త్రవేత్తలు ఎప్పుడో కొలిచారు. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జులైలో ప్రత్యేక నియమాలు తెచ్చింది. డచ్ సూత్రంలో మన నేలలు వేసి చూడండి. బంకమన్ను 50 శాతం, సేంద్రియం 2 శాతం అనుకున్న నల్లరేగడికి జింకు హద్దు 1,044 అవుతుంది. సేంద్రియం అదే 2 శాతం, బంకమన్ను 10 శాతం ఉన్న చల్కా నేలకు సుమారు 427. కాగితం మీద లెక్క బాగానే ఉంది. కానీ ఆ గీత గీసింది డచ్ నేలల నమూనాలతో. మన రేగడిలో బంకమన్ను రకం వేరు, సేంద్రియం తక్కువ, దక్కన్ రాయి వేరు. నల్గొండ భూగర్భజలంలో ఫ్లోరైడు ఏ ఫ్యాక్టరీ కలపకుండానే చాలా ఊళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటుతుంది. అక్కడ ‘శుభ్రమైన నీరు’ అన్న మొదటి మెట్టును పుస్తకంలోంచి తేలేం, అక్కడి గ్రానైటు నేల మీదే, ఏ పరిశ్రమ నీడా పడని బావుల్లోంచి తోడుకోవాలి. తమ సూత్రాల కోసం డచ్చివాళ్లు చేసిందీ అదే. శుభ్రమైన చోట్లకు వెళ్లి మట్టి తెచ్చుకున్నారు.