వేళ్లు చాపండి, చూద్దాం

పక్షవాతం వచ్చిన మనిషి మంచం దగ్గరికి వెళ్లగానే ఇంటివాళ్లు అడిగే మొదటి మాట: "సార్, చెయ్యి మళ్లీ వస్తుందా?" ఫిజియోథెరపీ వృత్తిలో ఉన్న నాకు "చూద్దాంలెండి" అని దాటవేసే జవాబు నచ్చదు. మొదటి మూడు రోజుల్లోనే కొలవదగినవి రెండున్నాయి. వేళ్లు ఏమాత్రం చాపగలుగుతున్నారు? చేతిని భుజం దగ్గర నుంచి పక్కకు ఎంత ఎత్తగలుగుతున్నారు?

2010లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనం ప్రకారం, రెండో రోజుకే ఈ రెండు కదలికలూ కొద్దిగానైనా ఉన్నవారికి ఆరు నెలల్లో చేతి పనితనం కొంతైనా తిరిగొచ్చే అవకాశం 98 శాతం. లేనివారికి 25 శాతం. తొమ్మిదో రోజుకీ కదలిక రాకపోతే 14 శాతం. వేళ్లు చాపాలంటే మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే నరాల దారి కొంతైనా మిగిలి ఉండాలి. మనం కొలిచేది నిజానికి ఆ దారినే.

కొలవడంలో నేర్పు కావాలి. మణికట్టు కిందికి వాలితే వేళ్లు వాటంతటవే కాస్త తెరుచుకుంటాయి. అది బలం కాదు. అందుకే ఒక చేత్తో మణికట్టును నిలబెట్టి పట్టుకుని, "ఇప్పుడు చాపండమ్మా" అంటాను. చెయ్యి ఎత్తమంటే చాలామంది నడుము పక్కకు వంచి, భుజం ఎగరేస్తారు. దాన్నీ లెక్కలోకి తీసుకోను. ఒక్కో కదలికకు సున్నా నుంచి 5 దాకా మార్కులు. న్యూజిలాండ్‌లో కాథీ స్టినియర్ బృందం రూపొందించిన పద్ధతిలో, మూడో రోజున రెండూ కలిపి 5 గానీ అంతకు మించి గానీ వస్తే మూడు నెలలకు చెయ్యి బాగా పనికొస్తుందని ఆశించవచ్చు.

తక్కువ వచ్చినంత మాత్రాన వైద్యం ఆపేయమని కాదు. 25 శాతమంటే నలుగురిలో ఒకరు. ఆ ఒకరు ఎవరో ముందే తేల్చే హక్కు మనకు లేదు. కదలిక ఉంటే ఆ చేతికే పని చెప్పాలి: అన్నం కలపడం, బొత్తాలు పెట్టుకోవడం. లేకపోతే భుజం జారకుండా, వేళ్లు బిగుసుకుపోకుండా కాపాడుతూ, రెండో చేత్తో బతుకు నడుపుకోవడం కూడా నేర్పాలి. ఈ తేడా తెలియక డబ్బూ ఓపికా కరిగిపోయిన కుటుంబాలను చూస్తే నాకు బాధేస్తుంది.

డిశ్చార్జి కాగితంలో బీపీ, షుగర్‌ల పక్కనే ఈ రెండు మార్కులూ రాయమని అడగండి. తొమ్మిదో రోజున మళ్లీ కొలవమనండి.