నది కిందికి వెళ్లాలంటే ముందు నుయ్యి దింపాలి

కోనసీమలో నది అడుగు నుంచి బండి వెళ్లే దారి ఒక్కటీ లేదు. గౌతమిని దాటాలన్నా, వైనతేయను దాటాలన్నా, వశిష్ఠను దాటాలన్నా వంతెన ఎక్కాలి. వంతెన లేని రేవులో పంటు ఎక్కాలి. కారణం కాళ్ల కిందే ఉంది. ఎంత లోతుకు వెళ్లినా ఇసుక, ఒండ్రు, బంకమన్ను తప్ప రాయి తగలని నేల ఇది. చాలా ఊళ్లలో కాస్త తవ్వితే చాలు, నీళ్లు ఊరతాయి. ఇలాంటి చోట నది కింద సొరంగం తవ్వుదామన్న ఆలోచనే ఎవరికీ రాదు.

అయితే ఓడలు తిరిగే నది కింద ప్రపంచంలో మొదటిసారి దారి వేసినవాళ్లు ఆ పనిని ఎలా మొదలుపెట్టారో చెబితే అమలాపురం, రాజోలు, కొత్తపేట పల్లెల్లోని పెద్దవాళ్లు ఏమీ ఆశ్చర్యపోరు. తమ దొడ్లో జరిగిన పనినే ఎవరో పెద్ద ఎత్తున చేశారని ఇట్టే పోల్చుకుంటారు. లండన్‌లో జరిగింది అదే. వాళ్లు నుయ్యి దింపారు.

ఇసుక నేలలో ముందు గొయ్యి తవ్వి తర్వాత గోడ కడదామంటే కుదరదు. తవ్వుతుండగానే గట్లు జారి గొయ్యి పూడిపోతుంది. అందుకే ఇక్కడ గోడ ముందు, గొయ్యి తర్వాత. నేల చదును చేసి ఒర పెడతారు. ఒకప్పుడు కుమ్మరి కాల్చిన మట్టి ఒర, ఆ తర్వాత సిమెంటు ఒర. మనిషి ఒర మధ్యలోకి దిగి, అంచు కింది ఇసుకను చుట్టూ తిరుగుతూ సమానంగా తోడతాడు. పైనున్నవాళ్లు మోకుతో తట్ట లాగుతుంటారు. కింద ఆధారం పోయేసరికి ఒర తన బరువుకు తానే అంగుళం, రెండంగుళాలు దిగుతుంది. అది నేలమట్టానికి వచ్చాక దాని మీద ఇంకో ఒర, దాని మీద మరొకటి.

చూడ్డానికి ఇంతే. చేసేవాడికి తెలుస్తుంది అందులోని కష్టం. ఒక పక్క ఎక్కువ తోడితే ఒర ఆ పక్కకు వాలుతుంది. మట్టిలో కూరుకున్న ఒరను చేతులతో లాగి నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. ఎత్తుగా మిగిలిన పక్క ఇసుక తోడాలి, ఆ పక్కే ఇసుక బస్తాలు పేర్చి బరువు పెట్టాలి, అప్పుడు మెల్లగా దారికి వస్తుంది. గట్టు మీదున్న మేస్త్రి చూపు ఒర అంచు దాటి పోదు. "పడమటి పక్క తోడరా అబ్బాయ్, తూర్పుకి వాలిపోతంది" అని కేక వేస్తుంటాడు. రెండో ఇబ్బంది నీళ్లతో. తొందరపడి నూతిలో నీళ్లన్నీ తోడేస్తే బయటి నీటి ఒత్తిడికి అడుగు నుంచి ఇసుక పొంగుకొస్తుంది. ఎంత తోడితే అంతా మళ్లీ పైకి వస్తుంది. ఆ ఇసుక చుట్టుపక్కల నేల కింద నుంచే రావాలి కాబట్టి పక్కింటి అరుగు బీటలిస్తుంది. అనుభవమున్నవాడు కొంత నీటిని ఉండనిచ్చి, ఆ నీళ్లలోనే చేత్తో తడుముకుంటూ ఇసుక తీస్తాడు. సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఇంకో మెలిక కూడా ఉంది. పైన తియ్యనీరు, దాని కింద ఉప్పునీరు. ఎక్కడ ఆపాలో తెలియనివాడు ఒక ఒర ఎక్కువ దింపాడంటే ఆ ఇంట్లో మంచినీళ్ల నుయ్యి ఉప్పు నుయ్యి అయిపోతుంది.

ఇప్పుడు లండన్ సంగతి. 1825 మార్చిలో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున, రాదర్‌హైత్ అనే చోట, మార్క్ ఇసంబార్డ్ బ్రూనెల్ అనే ఇంజనీరు నేల మీద ఒక గుండ్రటి ఇటుక బురుజు కట్టించడం మొదలుపెట్టాడు. వ్యాసం 50 అడుగులు, ఎత్తు 42 అడుగులు, గోడ మందం మూడడుగులు. అడుగున ఇనుప అంచు. కట్టడం అయ్యాక కూలీలు లోపలికి దిగి మట్టి తోడారు. దాదాపు వెయ్యి టన్నుల బురుజు తన బరువుతో తానే రోజుకు కొన్ని అంగుళాల చొప్పున భూమిలోకి దిగింది. మధ్యలో ఒకసారి చుట్టూ ఉన్న మట్టి పట్టేసి కదలనని మొరాయించింది. అప్పుడు ఆయన చేసిన పని మన మేస్త్రీలకు కొత్త కాదు. బురుజు మీద 50 వేల ఇటుకలు బరువుగా పేర్పించాడు. అది దిగింది. గోడలు నిలువునా ఒకే కొలతతో ఉండడం వల్ల మట్టి పట్టిందని గ్రహించి, కొన్నేళ్ల తర్వాత అవతలి ఒడ్డున వాపింగ్‌లో దింపిన నూతిని అడుగున కాస్త వెడల్పుగా కట్టించాడు.

ఇంత తంటా ఎందుకంటే, ఆ నది నిండా తెరచాప ఓడలే. అక్కడ వంతెన కడితే ఓడల కొయ్యలు తగులుతాయి. రేవుల్లో దిగిన సరుకు బండ్ల మీద అవతలి ఒడ్డుకు చేరాలంటే చాలా దూరం చుట్టి రావాలి. నది కింద నుంచి బండ్ల దారి వేయాలని అంతకు ముందే ప్రయత్నించారు. రాబర్ట్ వేజీ మొదలుపెట్టిన పనిని రిచర్డ్ ట్రెవితిక్ చాలా దూరం తీసుకెళ్లాడు కానీ 1808లో నీళ్లు పడి అది ఆగిపోయింది. మెత్తటి నేలలో తవ్వేవాడి తల మీద మట్టి విరిగి పడకుండా ఆపేదేమిటన్న చిక్కు అలాగే మిగిలింది.

ఆ చిక్కుకు జవాబు బ్రూనెల్‌కు ఒక పురుగు దగ్గర దొరికింది. ఉప్పునీళ్లలో ఓడల చెక్కను తొలిచే పురుగు అది. తలకు గట్టి గుల్ల అడ్డం పెట్టుకుని తొలుస్తూ, వెనక మిగిలిన బొరియకు తానే పూత పూసుకుంటూ పోతుంది. తాళ్లరేవు వైపు చెక్క ఓడలు కట్టినవాళ్లకు ఈ పురుగు చేసే నష్టం బాగా తెలుసు. దాన్ని చూసి బ్రూనెల్ ఒక ఇనుప కవచం చేయించాడు. పక్కపక్కన 12 చట్రాలు, ఒక్కో చట్రంలో ఒకదాని మీద ఒకటిగా మూడు గదులు, గదికొక మనిషి, మొత్తం 36 మంది. ఎదుటి మట్టికి పలకలు ఆనించి ఉంటాయి. ఒక పలక తీసి, నాలుగున్నర అంగుళాలు తవ్వి, పలకను మళ్లీ లోపలికి జరిపి బిగించాలి. తర్వాత ఇంకో పలక. అన్నీ అయ్యాక చట్రాన్ని ముందుకు నెట్టాలి. వెనకే తాపీవాళ్లు ఇటుక కట్టుకుంటూ వస్తారు. వారానికి 8 నుంచి 12 అడుగులు సాగితే గొప్ప.

అది కూడా నది ఒప్పుకుంటేనే. 1827 మేలో నీళ్లు విరుచుకుపడ్డాయి. నది అడుగున పడ్డ గొయ్యిని బంకమట్టి సంచులతో పూడ్చి, నీళ్లు తోడి, మళ్లీ తవ్వారు. 1828 జనవరి 12న రెండోసారి పెద్ద వరద వచ్చి ఆరుగురు చనిపోయారు. అక్కడే పనిచేస్తున్న బ్రూనెల్ కొడుకు, 21 ఏళ్ల ఇసంబార్డ్, వెంట్రుకవాసిలో బతికి బయటపడ్డాడు. డబ్బు కూడా అయిపోవడంతో పని ఏడేళ్లు ఆగింది. ప్రభుత్వం అప్పిచ్చాక మళ్లీ సాగి, 1843 మార్చి 25న సొరంగం తెరుచుకుంది. తీరా చూస్తే అందులోకి బండ్లు దిగే దారి లేదు. రెండు ఒడ్డుల్లోనూ కట్టాల్సిన గుండ్రటి వాలుదారులకు సొమ్ము మిగల్లేదు. అప్రోచ్ రోడ్డు లేక ఎదురుచూసే వంతెన బాధ గోదావరి జిల్లాల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మెట్లు దిగి, పెన్నీ చెల్లించి, మొదటి రోజే 50 వేల మంది నడిచి వెళ్లారు. బండ్ల కోసం పుట్టిన ఆ దారిలో బండి ఎప్పుడూ నడవలేదు. 1869 నుంచి రైలు నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది.

లండన్‌లో సొరంగం తెరిచిన నాలుగేళ్లకు, 1847లో, ధవళేశ్వరంలో ఆనకట్ట పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని లంకల మధ్య నాలుగు ముక్కలుగా దాదాపు 12 వేల అడుగుల కట్టడం. కింద రాయి లేదు, ఉన్నదంతా గోదావరి ఇసుకే. కాటన్ దొర దాని పునాది ఎలా వేయించారంటే, ఆరడుగుల వ్యాసమున్న నూతులను వరసగా ఆరడుగుల లోతుకు ఇసుకలోకి దింపించి, వాటి మీద గోడ లేపించారు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టే విద్యను తాము ఈ దేశపు పాత కట్టడాల నుంచే నేర్చుకున్నామని ఆయన తర్వాత కాలంలో స్వయంగా రాశారు. కావేరి మీద చోళుల నాటి కల్లణైని చూసి అన్న మాట అది. గోదావరి జిల్లాల్లో ఊరికొక కాటన్ విగ్రహం పెట్టుకున్నవాళ్లు ఈ మాటను కూడా గుర్తుపెట్టుకోవడం న్యాయం. దాన్ని ఒప్పుకున్న ఆయన పెద్దమనసుకూ అదే గౌరవం.

ఆనకట్ట నీళ్లు రాజోలు వైపు చేరాలంటే మధ్యలో వైనతేయ అడ్డం. వైనతేయకూ వశిష్ఠకూ నడుమనున్న ఆ నేలను అప్పటి రికార్డుల్లో నగరం లంక అన్నారు. లండన్‌లో నది కింద మనుషులకు దారి వేస్తే, పి.గన్నవరంలో నది మీద నీళ్లకు దారి వేశారు. 1850ల తొలినాళ్లలో లెఫ్టినెంట్ హేగ్ ఆధ్వర్యంలో లేచిన ఆ అక్విడక్టుకు ఒక్కోటి 40 అడుగుల చొప్పున 49 కమానులు, మొత్తం పొడవు 2,200 అడుగులకు పైనే. వరదకాలంలో కింద ఎర్రటి వైనతేయ పొంగుతూ పోతుంటే పైన కాలువ తన దారిన తాను పోయేది. తర్వాత కట్టిన కొత్త అక్విడక్టుకు, ఆకలితో వచ్చినవాళ్లకు వేళ చూడకుండా అన్నం పెట్టిన లంకల గన్నవరం తల్లి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. అంతకన్నా తగిన పేరు లేదు.

నీటి కింద సొరంగాలు అసలే లేవని కూడా అనలేం. డెల్టాలో కాలువ అడుగు నుంచి మురుగు కోడు దాటిపోయే కట్టడాలు ఉన్నాయి. ఇరిగేషన్ వాళ్లు అండర్ టన్నెల్ అంటారు. వాటిలో నుంచి మనుషులు వెళ్లరు, వాన నీళ్లు వెళ్తాయి. అవి పూడుకుపోయిన ఏడు చేలు మునుగుతాయి. కొత్త కాలువ ప్రారంభానికి వచ్చే జనంలో పదోవంతైనా ఈ అండర్ టన్నెల్ పూడిక తీసేటప్పుడు వచ్చి చూస్తే బాగుండును.

నూతి విద్య మాత్రం నది పొడుగునా సాగింది. రాజమహేంద్రవరం దగ్గర 1900లో పూర్తయిన హేవలాక్ వంతెనకు 150 అడుగుల చొప్పున 56 ఖానాలు. 1974లో రోడ్డు రైలు వంతెన, 1997లో కమానుల వంతెన వచ్చాయి. ఈ వంతెనల స్తంభాలు నిలబడింది నదిలోకి దింపిన నూతుల మీదే. తట్ట బదులు యంత్రపు పంజా ఇసుక తీస్తుంది, మట్టి ఒర బదులు కాంక్రీటు గోడ దిగుతుంది. అయినా ఏ రోజు నుయ్యి ఎంత దిగింది, ఎటు వాలింది, ఎంత పక్కకు జరిగింది అని సైటు ఇంజనీరు రోజూ రిజిస్టర్లో రాయాల్సిందే. దొడ్లో మేస్త్రి కళ్లతో చూసిన వాలునే ఇక్కడ పరికరంతో కొలుస్తారు. 2024 మార్చిలో కోల్‌కతాలో హుగ్లీ నది కింద 520 మీటర్ల మెట్రో సొరంగం ప్రారంభమైంది. దాన్ని తవ్విన యంత్రం బ్రూనెల్ కవచానికి వారసురాలే. అలాంటి యంత్రాన్ని భూమిలోకి దించడానికి కూడా ముందు నిలువునా ఒక పెద్ద గొయ్యి కావాలి.

ఇన్ని పనుల్లో బ్రూనెల్ పేరుంది, కాటన్ పేరుంది, హేగ్ పేరుంది. మనవాళ్లలో వీణం వీరన్నగారి పేరు నిలిచింది. కాటన్ దగ్గర పనిచేసి రాయ్‌బహదూర్ అయినవారాయన. నీళ్లలో మునిగి ఇసుక తోడినవాళ్ల పేర్లు మాత్రం ఏ పలక మీదా లేవు. ఆ పని చేతికి వచ్చినవాళ్లు ఇప్పుడు కోనసీమలో తగ్గిపోతున్నారు. ఇంటింటికీ బోరు వచ్చింది. సిమెంటు ఒరలు ఇంకా అమ్ముడవుతున్నాయి కానీ చాలావరకు మరుగుదొడ్డి గుంతలకే. వాడకుండా వదిలేసిన నూతుల్లో పూడిక తీయడానికి దిగి, గాలి ఆడక ప్రాణాలు పోగొట్టుకునేవాళ్లున్నారు. ముందుగా దీపం దించి, అది ఆరిపోతే దిగకూడదని పెద్దలు పెట్టిన పద్ధతిని మరిచిపోవడం ఒక కారణం. దీపం కూడా పట్టివ్వని విషవాయువులుంటాయి, థేమ్స్ కింద పనిచేసినవాళ్లను కూడా అలాంటి గాలే జబ్బు పాలు చేసింది. నడుముకు మోకు, పైన ఇద్దరు మనుషులు, లోపలికి గాలి కొట్టే ఏర్పాటు లేకుండా ఎవరినీ పాత నూతిలోకి దించకండి.

ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నమూనాల పక్కన ఒర ఎలా దింపుతారో చూపే నమూనా ఒకటి ఉండాలి. పి.గన్నవరం పాత కమానుల దగ్గర, ఇసుకలో పునాది వేసే పద్ధతిని బొమ్మలతో వివరించే పలక ఉండాలి. ప్రభుత్వం చేసేదాకా ఆగక్కర్లేదు. మీ ఊళ్లో ఒరనుయ్యి దింపిన పెద్దాయన ఉంటే ఈ వారమే వెళ్లి కూచోండి. వాలిన ఒరను ఎలా నిలబెట్టేవారో, ఇసుక పొంగితే ఏం చేసేవారో అడిగి, ఆయన మాటల్లోనే రాసుకోండి. సివిల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే వాళ్లను వెంట తీసుకెళ్లండి.